ఏ తరగతికి ఎంత కంప్యూటర్?

జూన్, జూలై నెలల్లో మండల కేంద్రంలోని ఏ ఇంటర్నెట్ సెంటర్ ముందైనా కాసేపు నిలబడండి. మన చదువుల్లోకి కంప్యూటర్ ఎంతవరకు వచ్చిందో అక్కడ తెలిసిపోతుంది. ఓసారి జిరాక్స్ పని మీద వెళ్లి గంటసేపు అక్కడే ఉండిపోయాను. ఇంటర్ పాసైన కుర్రాడొకడు డిగ్రీ సీటు కోసం ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ ప్రవేశాల వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసుకోవడానికి వచ్చాడు. చేతిలో మంచి ఫోనే ఉంది. సర్టిఫికెట్లన్నీ అందులో ఫోటోలుగా ఉన్నాయి, మధ్యమధ్యలో పెళ్లి ఫోటోలు, క్రికెట్ వీడియోలు. “ఇది నాలుగు ఎంబీ ఉంది తమ్ముడూ, తగ్గించి పంపు” అన్నాడు సెంటర్ అతను. తగ్గించడమంటే ఏమిటో కుర్రాడికి తెలియలేదు. ఫోటోని అటూ ఇటూ కత్తిరించి మళ్లీ చూపించాడు.

ఆధార్‌కి లింకైన నంబరు వాళ్ల నాన్నది. నాన్న పొలంలో ఉన్నాడు. “నాన్నా, మెసేజ్‌లో ఓ నంబర్ వచ్చింది, చదువు” అని స్పీకర్ పెట్టాడు. ఆ ఓటీపీ షాపులో ఉన్న అందరం విన్నాం. తర్వాత వెబ్ ఆప్షన్లు. ఏ కాలేజీ ముందు పెట్టాలో సెంటర్ అతనే చెప్పాడు, అతనే నొక్కాడు. మూడేళ్లు ఎక్కడ చదవాలో తేలిపోయిన ఆ పావుగంటలో కుర్రాడి చెయ్యి మౌస్ మీద పడనే లేదు.

ఆ అబ్బాయి మా బడిలో చదివినవాడే. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. లెక్కల సారుకి కంప్యూటర్ కూడా వచ్చే ఉంటుందని ఎవరో అనుకోవడం వల్ల, ఏళ్ల తరబడి కంప్యూటర్ గది తాళం చెవి కూడా నా దగ్గరే ఉంటోంది. కంప్యూటర్ పితామహుడు ఎవరని అడిగితే ఆ కుర్రాడు నిద్రలో లేపినా చార్లెస్ బాబేజ్ అంటాడు. అలా చెప్పించింది నేనే. “మా వాడికి ఈ క్లాసులో ఏం రావాలి సార్?” అని తల్లిదండ్రులు అడిగితే అప్పటిదాకా సిలబస్ చదివి వినిపించేవాణ్ని. ఆ రోజు తర్వాత ఆ జవాబు నాకే సరిపోవడం మానేసింది.

ముడి ఎక్కడ పడింది

‘కంప్యూటర్ నేర్పడం’ అన్న ఒక్క మాట కింద మనం మూడు వేరువేరు పనులు కలిపేస్తున్నాం. మొదటిది వాడకం. టైప్ చేయడం, రాసింది దాచుకోవడం, వెతకడం, ఫారం నింపడం. రెండోది ఆ యంత్రం పనిచేసే తీరు తెలియడం. ఒక పనిని చిన్న మెట్లుగా విడగొట్టి, వరుసలో పెట్టి, తప్పు ఎక్కడ దొర్లిందో పట్టుకోవడం. కోడింగ్ వచ్చేది ఇక్కడే. మూడోది దానితో బతకడం. ఏది నమ్మాలి, ఎవరికి ఏం చెప్పకూడదు, ఎప్పుడు పక్కన పెట్టేయాలి. సైకిల్ తొక్కడం, సైకిల్ విప్పి బాగుచేయడం, లారీల మధ్య హైవే దాటడం, అన్నీ సైకిల్ సంగతులే. అలాగని ఒకే రోజు నేర్పం కదా.

మన బడుల్లోకి ఇవి ఒక్కోసారి ఒక్కో అలగా వచ్చాయి. 1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే ప్రాజెక్టు పెట్టి, బీబీసీ మైక్రో అనే బ్రిటన్ రకం కంప్యూటర్లను కొన్ని బడులకు ఇచ్చింది. ఆ తర్వాత చాలాకాలం కంప్యూటర్ అంటే వర్డ్, పవర్‌పాయింట్. 2020 లాక్‌డౌన్‌లో కోడింగ్ అల లేచింది. ఆరేళ్ల పిల్లాడు యాప్ తయారు చేయకపోతే జీవితంలో వెనకబడిపోతాడన్నట్టు ప్రకటనలు, వాటి వెనకే తల్లిదండ్రులకు ఫోన్లు, టెన్షన్లు. ఇప్పుడు ఏఐ, అంటే కృత్రిమ మేధ. కొత్తది వచ్చినప్పుడల్లా పాతది దండగన్నట్టు వదిలేస్తాం. ఏఐ మీద చార్టు గీసి బహుమతి తెచ్చుకున్న పిల్లకి ఫోల్డర్ అంటే తెలియకపోవడం అందుకే.

కాగితం మీద మాత్రం మెట్లు లేకపోలేదు. 2020 జాతీయ విద్యా విధానం బడి చదువుని 5+3+3+4 ఏళ్ల మెట్లుగా విడగొట్టి, కోడింగ్‌ని మూడో మెట్టులో, అంటే 6 నుంచి 8 తరగతుల్లో పెట్టింది. సీబీఎస్‌ఈ 2019-20లోనే తొమ్మిదో తరగతికి ఏఐని ఐచ్ఛిక సబ్జెక్టు చేసింది. 2026-27 నుంచి మూడో తరగతిలోనే ఏఐ, కంప్యుటేషనల్ థింకింగ్ (పనిని మెట్లుగా విడగొట్టి ఆలోచించడం) మొదలుపెడతామని కేంద్ర విద్యా శాఖ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఇంగ్లండ్‌లో అయితే 2014 నుంచి ఐదేళ్ల పిల్లల పాఠంలోనే అల్గారిథమ్, అంటే పని చేసే మెట్ల వరస, అన్న మాట ఉంది. మొదలుపెట్టే వయసు తగ్గుతూ వస్తోంది. తగ్గితే తగ్గనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. ఎప్పుడు మొదలుపెట్టాలన్న దాని మీద ఉన్న శ్రద్ధ, ఏది వచ్చాక ఏది నేర్పాలన్న దాని మీద లేకపోవడమే నా బాధ.

రెండో తరగతి దాకా ముగ్గు చాలు

రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలే వద్దని, ఐదేళ్ల దాకా రోజుకు గంట మించకూడదని, ఐదు నుంచి పదేళ్ల వాళ్లకు రెండు గంటల లోపే ఉండాలని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో సూచించింది. ముద్దకో వీడియో చూపించి అన్నం తినిపించే ఇళ్లలో ఆ లెక్క పొద్దున్నే దాటిపోతుంది. బడి దానికి ఇంకో గంట కలపక్కర్లేదు.

మరి ఇంగ్లండ్ వాళ్లు ఐదేళ్లకే ఏం నేర్పుతున్నారు? ఆ సిలబస్ సారమంతా ఇంతే: యంత్రం చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, కాబట్టి చెప్పేది తేటగా ఉండాలి. దీనికి తెరతో పని లేదు. మా ఆవరణలోనే ఉన్న ప్రైమరీ బడిలో ఓ శనివారం రెండో తరగతి పిల్లలతో ముగ్గు ఆట ఆడించాను. ఒక పిల్ల ముగ్గు చూస్తూ మెట్టుమెట్టుగా చెప్పాలి. ఇంకో పిల్లాడు ఆ ముగ్గు చూడకుండా, విన్నది విన్నట్టు బోర్డు మీద వేయాలి. “ఏడు చుక్కలు పెట్టు” అంది. నిలువునా పెట్టాడు. “అట్లా కాదు, పక్కపక్కన.” ఏడూ అంటుకుపోయేలా పెట్టాడు. “సందు వదులు.” ఒక్కో సందు ఒక్కోలా వదిలాడు. పది నిమిషాలకు ఆ పిల్ల విసుగొచ్చి, “వీనికి అన్నీ చెప్పాలె సార్” అంది. ప్రోగ్రామింగ్ మొదటి పాఠం అయిపోయింది.

ఈ వయసులో అంతకంటే ముఖ్యమైన కంప్యూటర్ చదువు ఒకటుంది. తెలుగు తడుముకోకుండా చదవడం. చదవడం రాని పిల్లకి తెర అంటే బొమ్మలు, బాణం గుర్తులు. నొక్కుకుంటూ పోతుంది, అంతే.

మూడు నుంచి ఐదు: వేళ్లు, ఫైళ్లు, తెలుగు అక్షరాలు

ఫోను పిల్లలకి ఒక పని నేర్పలేదు, దాచడం. ఫోన్‌లో ఏదైనా దానంతటదే ఎక్కడో ఉంటుంది. మా తొమ్మిదో తరగతి వాళ్లని “రాసింది ఎక్కడ దాచావురా?” అంటే “వర్డ్‌లో సార్” అంటారు. వర్డ్‌లో ఎక్కడ అంటే మళ్లీ వర్డ్‌లోనే. వంట ఎక్కడ పెట్టావంటే గరిటెలో అన్నట్టు. ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడి కష్టానికి వేరు ఇక్కడే ఉంది. ఫైలు ఒక వస్తువని, దానికి పేరు, బరువు, చోటు ఉంటాయని అతనికి ఎవరూ చూపించలేదు. నాలుగో తరగతికి ఇది చూపించడం తేలిక. బీరువా, బీరువాలో అర, అరలో సంచి, సంచిలో కాగితం. కాగితానికి ‘న్యూ డాక్యుమెంట్ 14’ అని కాకుండా ‘మా ఊరి సంత’ అని పేరు పెట్టించాలి. వారం తర్వాత “నీ సంత తెరువు” అంటే వెతుక్కుని తెరవాలి. ఐదో తరగతి అయ్యేసరికి ఇది రావాలి, రాకపోతే అక్కడే ఆగాలి. నేనైతే ఈ ఒక్కదాని మీద రెండు నెలలు పెడతాను.

తర్వాత టైపింగ్. ఇంగ్లిషు అక్షరాల్లో ‘నాకు’, ‘ఎలా ఉన్నావ్’ అని కొట్టడం పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు, ఇంట్లో చూసి పట్టేస్తారు. తెలుగు లిపిలో కొట్టడం మాత్రం నేర్పితేనే వస్తుంది. భారతీయ భాషల కోసం చేసిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు, గుణింతం గుర్తులు ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉంటాయి. తెలుగు ‘క’ ఏ మీట మీద ఉందో హిందీ ‘క’ కూడా అదే మీట మీద ఉంటుంది. మన అక్షరమాల వరస తెలిసిన పిల్లలకి ఇది ఆటలా ఉంటుంది. ఐదో తరగతి పిల్ల తన పేరు, ఊరు, ఊరి గురించి పది వాక్యాలు తెలుగులో కొట్టగలిగితే అది నా దృష్టిలో చిన్న సంగతి కాదు. మైకులో మాట్లాడితే ఫోనే తెలుగులో టైప్ చేసేస్తోంది కదా అంటారు. చేస్తుంది. అది వేసిన అక్షరదోషం దిద్దుకోవడానికైనా ఆ మీటలు తెలియాలి కదా.

అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు 2007లో విడుదల చేసిన స్క్రాచ్ అనే కోడింగ్ సాధనం ఈ వయసులో మొదలుపెట్టొచ్చు. రంగురంగుల దిమ్మెలు ఒకదాని కింద ఒకటి పేర్చితే తెర మీద పిల్లి నడుస్తుంది. ముగ్గు ఆటలో నోటితో చెప్పింది ఇక్కడ దిమ్మెలతో చెబుతారు. మొదట్లో పిల్లి తెర దాటి పోతుంది. ఎందుకు పోయిందో పిల్లలే కనుక్కోవాలి. ఓపిక పట్టలేక మనం దిద్దేశామా, పాఠం అయిపోయినట్టే.

ఆరు నుంచి ఎనిమిది: అన్నం లెక్క, ఓటీపీ హోంవర్కు

నన్నడిగితే మొత్తం బడి చదువులో కంప్యూటర్‌కి అసలైన వయసు ఇదే. పదో తరగతి పరీక్షల భయం ఇంకా రాలేదు. చదవడం, లెక్కలు ఎంతో కొంత వచ్చాయి. సొంత ఫోను కోసం ఇంట్లో గొడవ అప్పుడే మొదలైంది.

ఎక్సెల్ లాంటి స్ప్రెడ్‌షీట్‌ని మన పుస్తకాలు మార్కుల జాబితాతో నేర్పుతాయి. రాము 45, సీత 62. ఎవరికి కావాలి ఆ మార్కులు? నేను మధ్యాహ్న భోజనం లెక్క తీసుకున్నాను. 6 నుంచి 8 తరగతుల పిల్లలకు తలకి 150 గ్రాముల బియ్యం. ఇవాళ హాజరు 84. ఒక గడిలో హాజరు రాయించి, పక్క గడిలో సమానం గుర్తు పెట్టి, హాజరు గడిని 0.15తో హెచ్చించమన్నాను. 12.6 కిలోలు వచ్చింది. “ఇప్పుడు ఇంకో ముగ్గురు ఆలస్యంగా వచ్చారు, 87 చెయ్యి” అన్నాను. పక్క గడి దానంతటదే 13.05 అయింది. క్లాసులో ఎవరో “ఆ..” అన్నారు. ఏడో తరగతి బీజగణితంలో ‘ఎక్స్’ ఎందుకో చెప్పడానికి నేను పదిహేనేళ్లుగా పడిన పాట్లు ఆ గడి ఒక్క క్షణంలో తీర్చింది. తర్వాత నెల రోజుల హాజరు ఎక్కించి గీతల పటం వేయించాం. సంత రోజున హాజరు పడిపోతుందని మాకందరికీ తెలుసు, కానీ గీత కిందికి జారడం చూసింది అప్పుడే.

ఇంటర్నెట్‌లో వెతకడం కూడా ఈ వయసులోనే రావాలి. వెతకడమంటే ప్రశ్న కొట్టి, మొదట వచ్చింది నోట్సులోకి ఎక్కించడం కాదు. ఇది ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఇంకెక్కడైనా ఇలాగే ఉందా అని చూడాలి. ఈ మూడు ప్రశ్నలు బోర్డు పక్కన రాసి ఉంచాను. వాట్సాప్‌లో వచ్చిన బడి సెలవు వార్తతో వీటిని వాడటం మొదలుపెట్టారు. వాళ్లకి అంతకంటే అవసరమైన వార్త ఏముంటుంది.

ఇక భద్రత. ప్రథమ్ సంస్థ చేసే చదువుల సర్వే అసర్ 2024లో పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం తెలుసని తేలింది. సర్వేకి ముందు వారంలో చదువు పనికి ఫోను వాడింది 57 శాతం, సోషల్ మీడియాకి వాడింది 76 శాతం. సోషల్ మీడియా వాడిన వాళ్లలో, ఇబ్బంది పెట్టే ప్రొఫైల్‌ని బ్లాక్ చేయడమో రిపోర్ట్ చేయడమో తెలిసింది 62 శాతానికి. తమ ప్రొఫైల్ అందరికీ కనబడకుండా పెట్టుకోవడం 55 శాతానికి, పాస్‌వర్డ్ మార్చడం 58 శాతానికి వచ్చు. అంటే దాదాపు సగం మంది గొళ్లెం లేని గదిలో ఉన్నారు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలే వద్దంది. మన దగ్గర అలాంటి చట్టం వచ్చేదాకా గొళ్లెం పెట్టుకోవడమైనా నేర్పాలి. అది నేర్పాల్సింది తొమ్మిదిలో కాదు, ఆరులో, ఖాతా తెరవక ముందే.

ఈ వయసు పిల్లలకి నేను ఇచ్చే హోంవర్కు ఒకటుంది. ఇంట్లో పెద్దవాళ్ల ఫోనుకి వచ్చిన పాత ఓటీపీ మెసేజ్ ఒకటి తీసుకోవాలి. అంకెలు వదిలేసి మిగతాదంతా తెలుగులోకి రాయాలి. రాసింది అమ్మకో నాన్నకో చదివి వినిపించాలి. ‘ఈ నంబర్ ఎవరికీ చెప్పవద్దు’ అన్న వాక్యం ఆ మెసేజ్‌లోనే ఉంటుంది, ఇంగ్లిషులో. ఎన్నేళ్లుగానో ఆ మెసేజ్‌లు అందుకుంటున్న నాన్నలకి అందులో ఏముందో మొదటిసారి కూతురు చదివి చెబుతుంది. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలన్న మాట కూడా ఆ కాగితం చివర్లో రాయిస్తాను.

కోడింగ్ సంగతి మర్చిపోలేదు. దిమ్మెల నుంచి రాత కోడ్‌కి మారడం ఎనిమిదిలో మొదలవ్వాలి. తొందరేం లేదు. ఎక్కాలు ముద్రించే ప్రోగ్రామ్ పైథాన్ అనే కోడింగ్ భాషలో ఐదారు వరుసల్లో అయిపోతుంది. ఒక కామా తప్పితే మొత్తం ఆగిపోవడం, తిట్టుకుంటూ వెతకడం, దొరికాక ఎగరడం, ఇవి చవిచూస్తే చాలు. ఎనిమిదో తరగతిలో ‘సీ లాంగ్వేజ్’ నోట్సు చూసి రాయించే ప్రైవేటు బడులున్నాయి. కంప్యూటర్ ముట్టుకోకుండా కోడింగ్ నేర్పడం ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పడమే.

తొమ్మిది, పది, ఆ తర్వాత గండి

తొమ్మిదిలో పిల్లలు రెండు దారుల్లో పోతారు. కొందరికి కోడింగ్ మీద నిజంగా ఇష్టం పుడుతుంది, వాళ్లని ఆపకూడదు. మిగతావాళ్లని అందులోకి తోయకూడదు. అయితే అందరికీ రావాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక ఫారం మొదటి నుంచి చివరిదాకా సొంతంగా నింపడం, సర్టిఫికెట్‌ని స్కాన్ చేసి పీడీఎఫ్ చేయడం, అడిగిన సైజుకి తగ్గించడం, సర్టిఫికెట్లు దాచే ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో తన మార్కుల మెమో తనే తీసుకోవడం. ఇవి సిలబస్‌లో పెద్దగా కనబడవు, చదువు కాదనుకుంటాం కాబట్టి. కానీ పదో తరగతి దాటాక ప్రభుత్వంతో, కాలేజీతో, బ్యాంకుతో పిల్లల సంబంధమంతా వీటి మీదే నడుస్తుంది. ఇంకో మాట, 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లందరూ పిల్లలే. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే కన్నవాళ్ల అనుమతి కావాలి. ‘ఐ అగ్రీ’ అన్న చోట నొక్కే ముందు ఈ సంగతి పదో తరగతి పిల్లలకి తెలిసి ఉండాలి.

అక్కణ్నుంచి ఇంటర్. ఎంపీసీ, బైపీసీ చదివేవాళ్లకి ఆ రెండేళ్లూ కంప్యూటర్ అన్న సబ్జెక్టే ఉండదు. హాస్టల్లో ఉంటే ఫోను కూడా ఉండదు. పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు. తీరా చివర్లో రాసే ఎప్‌సెట్, జేఈఈ మెయిన్ రెండూ కంప్యూటర్ ముందు కూర్చునే రాయాలి. తెర మీద పొడవాటి లెక్క చదివి, పక్కన కాగితం మీద చేసి, మళ్లీ తెర మీద జవాబు గుర్తించడం విడిగా అలవాటు చేసుకోవాల్సిన పని. ‘సేవ్ అండ్ నెక్స్ట్’ నొక్కాల్సిన చోట ‘మార్క్ ఫర్ రివ్యూ’ నొక్కుతూ పోయి, చివర్లో చెమటలు పట్టిన పిల్లలు నాకు తెలుసు. పెద్ద కాలేజీల వాళ్లు ఆన్‌లైన్ మాక్ టెస్టులు పెట్టిస్తారు. ప్రభుత్వ జూనియర్ కాలేజీ పిల్లకి మొదటి మాక్ టెస్ట్ అసలు పరీక్షే అవుతుంది చాలాసార్లు. పదో తరగతి దాకా ఎంత పేర్చినా ఈ రెండేళ్ల గండిలో కొట్టుకుపోతుంది. దీని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడకపోవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గది తాళం

ఇదంతా చదివి, “కంప్యూటర్లు ఎక్కడున్నాయి సార్?” అని నా తోటి టీచర్లు నవ్వుతారు. నవ్వాల్సిందే. కేంద్ర విద్యా శాఖ తీసే బడుల లెక్క యూడైస్ 2024-25 ప్రకారం దేశంలో కంప్యూటర్ సదుపాయం ఉన్న బడులు 64.7 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 63.5 శాతం. ఆ లెక్కలో ‘ఉంది’ అన్న బడిలో గది తెరిచి ఉంటుందని అనుకోకండి. యూపీఎస్ బ్యాటరీలు పోయి మా గది ఏడాదిన్నర మూతపడింది. లెక్కలో మాత్రం ఉంది.

ఇవ్వడంతో అయిపోదన్నదానికి పెద్ద ఉదాహరణలు కూడా ఉన్నాయి. బడుల్లో కంప్యూటర్ల మీద బాగా ఖర్చు పెట్టిన దేశాల్లో చదవడం, లెక్కలు, సైన్సు చెప్పుకోదగ్గంత మెరుగుపడలేదని, ఎక్కువగా ధనిక దేశాలున్న ఓఈసీడీ అనే సంస్థ 2015లోనే చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి, టీచర్లకి కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. ట్యాబ్ మంచిదా చెడ్డదా అన్న వాదన ఊరూరా జరిగింది. దానితో ఈ వారం పిల్ల ఏం తయారు చేసిందన్న ప్రశ్న మాత్రం తక్కువగా వినిపించింది. వీడియో పాఠం చూడటానికి ట్యాబ్ వాడితే అది చిన్న టీవీ. టీవీ చూడటం టెక్నాలజీ నైపుణ్యం అని మనం ఎప్పుడూ అనుకోలేదు.

ఉన్న కాసిన్ని కంప్యూటర్ల ముందు ఎవరు కూర్చుంటారన్నది ఇంకో కథ. అసర్ 2023 సర్వే 14-18 ఏళ్ల వాళ్లని అడిగింది. ఫోను వాడటం వచ్చిన అబ్బాయిల్లో దాదాపు 44 శాతానికి సొంత ఫోను ఉంది, అమ్మాయిల్లో 20 శాతానికే. ఇంట్లో కంప్యూటరో ల్యాప్‌టాపో ఉన్నది 9 శాతం మందికి. మా గదిలో ఒక్కో కంప్యూటర్ ముందు ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని కూర్చోబెట్టి, సమానత్వం పాటించానని మురిసిపోయాను. నెల తర్వాత గమనిస్తే ప్రతి జంటలోనూ మౌస్ అబ్బాయి చేతిలో, నోట్సు అమ్మాయి చేతిలో. ఇప్పుడు పది నిమిషాలకోసారి గంట కొడతాను, మౌస్ చేతులు మారాలి. మౌస్ లేనివాళ్లు నోటితో చెప్పాలి, ఉన్నవాళ్లు చెప్పిందే చేయాలి. ముగ్గు ఆటే మళ్లీ. ఇద్దరికి ఒక కంప్యూటర్ ఉండటం లోటే అయినా, ఈ పద్ధతిలో అది కొంచెం కలిసొచ్చింది కూడా.

ఇక ఏఐ

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. మా బడిలో దాని అడుగు మొదట తెలుగు వ్యాసాల మీద కనబడింది. ‘పర్యావరణ పరిరక్షణలో మన పాత్ర’ అన్న వ్యాసం తొమ్మిదో తరగతిలో నలుగురు ఒకే తీరులో రాశారు. గ్రాంథికంగా, నున్నగా, తప్పుల్లేకుండా. మా తెలుగు మేడమ్ మొదట సంతోషించారు, రెండో కాగితం చూశాక అనుమానపడ్డారు.

ఏఐని ఏ తరగతిలో మొదలుపెట్టాలన్న దానికి నా దగ్గర తరగతి నంబరు లేదు. ఒక కొలత ఉంది. అది చెప్పిన జవాబులో తప్పుని పిల్లలు పట్టుకోగలిగే సబ్జెక్టులో వాడనివ్వచ్చు. పట్టుకోలేని చోట వద్దు. భిన్నాలు రాని పిల్లకి భిన్నాల లెక్క చేసిపెట్టే ఏఐ ఇస్తే పొరుగింటి అన్నతో హోంవర్కు చేయించుకున్నట్టే. పైగా ఆ అన్నకి ఎంత తప్పు చెబుతున్నా గొంతు తడబడదు. మూడో తరగతి నుంచి ఏఐ అంటున్నప్పుడు అది తెర ముందు కూర్చోబెట్టడమైతే నాకు ఒప్పుదల లేదు. యంత్రం ఉదాహరణలు చూసి ఎలా పోలికలు పట్టుకుంటుందో చింతగింజలతో, ఆకులతో ఆడించడమైతే రేపే మొదలుపెట్టొచ్చు.

పిల్లలకి ఊరికంటే బాగా తెలిసిన సబ్జెక్టు ఏముంటుందని, తొమ్మిదో తరగతికి ఒక పని పెట్టాను. మా ఊరి చెరువుని ఎవరు తవ్వించారో ఏఐని అడగమన్నాను. ఫలానా కాకతీయ రాజు, ఫలానా శతాబ్దం అని చక్కగా రెండు పేరాలు వచ్చాయి. వరంగల్ వైపు పాకాల, రామప్ప చెరువుల గురించి చదివిన వాళ్లెవరికైనా నిజమే అనిపిస్తుంది. క్లాసులో సగం మంది రాసేసుకున్నారు. వెనక బెంచీలోంచి ఒక పిల్లాడు లేచి, “తప్పు సార్, మా తాత కరువు పనిల తవ్విండట” అన్నాడు. ఇంకో పిల్ల, “మీ తాత తవ్వింది కట్ట, చెరువు ముందే ఉండె” అంది. ఇద్దరూ కొట్టుకునేంత పని అయింది.

సరే, ఎలా తేలుస్తారని అడిగాను. తూము దగ్గర రాయి మీద ఏదో చెక్కి ఉందన్నారు ఒకరు. సాగునీటి శాఖ ఆఫీసులో చెరువుల రిజిస్టర్ ఉంటుందని నేను చెప్పాను. తాతని రికార్డు చేస్తానని ఆ పిల్లాడు వాళ్ల నాన్న ఫోను అడిగి తెచ్చుకున్నాడు. శనివారం అందరం కట్ట మీదికి వెళ్లాం. రాయి సగం నాచు పట్టి ఉంది. గోకితే ఒక అంకె కనబడింది, అది ఎనిమిదో మూడో ఎవరికీ తెలియలేదు. ఫోటో తీసి ‘చెరువు రాయి’ అని పేరు పెట్టి దాచాం. నీళ్లు తగ్గాక మళ్లీ వెళ్లాలి.